కొలతకు లొంగునా యీ వ్యసనము?



గత మాసమున పిల్లల నిద్రనుగూర్చి ఈ పుటలలో ముచ్చటించుకొంటిమి. ఆ సంచిక మీ చేతికి వచ్చిన వారము దినములకే మా యింట నొక సంగతి జరిగినది. ఈ మాసమునకు నేననుకొన్న విషయమును వెనుకకు నెట్టి దానినే మీతో చెప్పుకొనుచున్నాను.

ఒక ఆదివారమునాడు తెలతెలవారుచుండగా మా చిన్న ఆడబిడ్డ బస్సు దిగి మా యింటికి వచ్చినది. ముఖము వాడియున్నది. కాళ్లు కడుగుకొనకమునుపే చేతిసంచిలోనుండి ఒక కాగితమును తీసి నాకిచ్చి, “వదినా, అన్నయ్య లేచువరకు నేనాగలేను. దీనిని చదివి చెప్పు. నా బిడ్డకు పట్టినది జబ్బేనా?” అని అడిగినది.

ఆమె భర్త కువైటులో కారు డ్రైవరు. తల్లియు, పదియవ తరగతి చదువు కూతురును ఇక్కడ నున్నారు. ఇంటిలో నున్న స్మార్టుఫోను ఒక్కటే. బడిలో పిల్లలందరికి పది ప్రశ్నల కాగితమొకటి ఇచ్చి జవాబులు వ్రాయించి లెక్క కట్టిరట. ఈ పిల్లకు 38 వచ్చినది. క్రింద ఎఱ్ఱసిరాతో “సెల్లుఫోను వ్యసనము కలదు. తల్లిదండ్రులు తగిన చర్య తీసికొనవలెను” అని వ్రాసియున్నది. తల్లి భయపడి ఫోనును బీరువాలో పెట్టి తాళము వేసినది. తొమ్మిది దినములు గడచినవి. పిల్ల ఏడువలేదు, ఎదురు చెప్పలేదు. రాత్రి అన్నము మానినది. గోడవైపు తిరిగి పడుకొనుచున్నది. ఒక్కసారి మాత్రము, “అమ్మా, ఆ కాగితములో నాన్నతో మాట్లాడుటనుగూర్చి ప్రశ్న లేదు గదా” అన్నదట. ఆ మాట చెప్పుచు మా ఆడబిడ్డ కన్నీరు పెట్టుకొన్నది.

నేను చిన్ననాట ఇంటిలోనే తండ్రిగారివద్ద భారత భాగవతములు చదువుకొన్నదాననేగాని ఈ శాస్త్రములెరుగను. మా వారు బడిపంతులు. ఆ కాగితము చూచి ఆయన, “మార్కులు వేయువాడను నేను. 35 వచ్చినవాడు పాసు, 34 వచ్చినవాడు ఫెయిలు అని వ్రాయుదునేగాని ఆ యిద్దరి చదువునకు నడుమ గోడ యేమియు లేదని నాకు తెలియును. ఈ 38 ఎక్కడనుండి వచ్చినదో చూడవలెను” అనిరి. తరువాత కొన్ని దినములు ఆయన ఆంగ్లములోని పరిశోధనలు చదివి అర్థము చెప్పగా నేను విని వ్రాసికొంటిని. తెలిసినంతవరకు మీకు చెప్పెదను.

మనసులోని అభిప్రాయమును అంకెలలోనికి తెచ్చు ఉపాయమొకటి 1932లో అమెరికాలో లైకర్ట్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు వివరించెను. ఒక వాక్యము చెప్పి, “బొత్తిగా ఒప్పుకొనను” అనుదానినుండి “పూర్తిగా ఒప్పుకొందును” అనుదానివరకు మెట్లు కట్టి, నీవే మెట్టుమీద నున్నావని అడుగుటయే ఆ ఉపాయము. 2005లో ఆస్ట్రేలియాలో బియాంకీ, ఫిలిప్స్ అనువారు ఈ పద్ధతినే 27 ప్రశ్నలతో చేతిఫోను దుర్వినియోగమునకు వర్తింపజేసిరి. అప్పటికి ఐఫోను పుట్టలేదు. అది 2007లో వచ్చినది. ఆ పిమ్మట 2013లో దక్షిణ కొరియాలో క్వాన్ మొదలగు పరిశోధకులు స్మార్టుఫోనునకే ప్రత్యేకముగా 33 ప్రశ్నల కొలమానమును, ఆ యేడే పది ప్రశ్నల పొట్టి కొలమానమును ప్రకటించిరి. బడివారు పంచినది ఈ పొట్టిదానికి తెలుగు. ఒక్కొక్క ప్రశ్నకు 1 మొదలు 6 వరకు మెట్లు. కాబట్టి మొత్తము 10కి తగ్గదు, 60కి మించదు. బాలురకు 31, బాలికలకు 33 వద్ద గీత గీచిరి.

ఫోనువలన అనుకొన్న పని తప్పిపోవుచున్నదా, చదువుమీద మనసు నిలుచుటలేదా, మణికట్టు మెడ నొచ్చుచున్నవా, చేత ఫోను లేనిదే నిలువలేకున్నావా, తలచినదానికంటె ఎక్కువసేపు చూచుచున్నావా, నీవు మితిమీరుచున్నావని చుట్టునున్నవారనుచున్నారా – ఇట్టివి ఆ ప్రశ్నలు. చెడ్డ ప్రశ్నలు కావు. ఏ తల్లియైనను అడుగదగినవే. కాని ఆ గీత కొరియా దేశపు పిల్లలను చూచి గీచినది. ప్రశ్న భాష మారినప్పుడును, పిల్ల యింటి స్థితి మారినప్పుడును ఆ గీత అక్కడనే నిలుచునా యని మరల పరీక్షించి చూడవలెను. అది చేయక 33 దాటినంతమాత్రమున “వ్యసనము కలదు” అని వ్రాయుట తొందరపాటు.

ఇంకొక చిక్కు కలదు. జవాబు చెప్పువారికి తమ వాడుక తమకు తెలియునా? 2015లో ఇంగ్లండులో కొందరు పరిశోధకులు 23 మంది యువతీయువకుల ఫోనులలో లెక్క పెట్టు సాధనమును ఉంచి రెండు వారములు చూచిరి. వారు దినమునకు సుమారు 85 మార్లు ఫోను తీయుచుండిరి. మొత్తము సుమారు అయిదు గంటలు వాడుచుండిరి. ఎన్నిమారులని వారినే అడుగగా చెప్పిన లెక్క అందులో సగమైనను లేదు. సగమునకు పైగా వాడుకలు అరనిమిషమునకు లోపలివే. అంత పొట్టివానిని మనసు జ్ఞాపకముంచుకొనదు. 2018 మొదలు ఫోనులే తమలో ఈ లెక్కను చూపుచున్నవి. 2019లో ఎల్లిస్ అను పరిశోధకుడును, ఆయన తోడివారును 238 మంది ఐఫోను వాడువారిచే ఇట్టి పది కొలమానములకు జవాబులు చెప్పించి, ఫోను చూపు అసలు లెక్కతో సరిపోల్చిరి. సంబంధము బలహీనముగా నున్నది. “నేను దినమునకు ఇంతసేపు వాడుదును” అని ఒక్క మాటలో చెప్పిన అంచనాయే ఆ పత్రములలో చాలవానికంటె దగ్గరగా నుండెను. 2021లో ఇట్టి పరిశోధనలను పెక్కింటిని కూర్చి చూచినవారికిని ఇదే కనబడినది.

అయినచో ఆ పత్రములు దండుగయా? అట్లనరాదు. పాలలో నీరు కలిసినదా యని చూచు కొలబద్ద మన పాలకేంద్రములలో నుండును. ఆ కొలబద్ద పాలు విరుగునో విరుగవో చెప్పదు. అందువలన దానిని పారవేయము. అది చెప్పగలిగినదానినే దానిని అడుగుదుము. ప్రశ్నపత్రము పిల్ల మనసులోని కలతను చెప్పగలదు. ఫోనులోని లెక్క ఎంతసేపో చెప్పగలదు. ఎందుకొరకు అని రెండును చెప్పవు. 2019లోనే లండనులోని కింగ్స్ కాలేజివారు 41 పరిశోధనలను కూర్చి, పిల్లలలోను యువజనులలోను నాలుగింట ఒకరికి సుమారుగా ఇట్టి వాడుక యున్నదనియు, అట్టివారిలో దిగులు, ఆందోళన, నిద్రలేమి ఎక్కువగా కనబడుచున్నవనియు చెప్పిరి. ఆ కొలతలన్నియు ఇట్టి ప్రశ్నలతో చేసినవే. ఫోనువలన దిగులు పుట్టినదో, దిగులుగా నున్న పిల్ల ఫోనును పట్టుకొన్నదో ఆ లెక్కలు తేల్చి చెప్పజాలవు.

ఇది వినినప్పుడు నాకు భారతము తలపునకు వచ్చినది. ధర్మరాజు కౌరవసభలో జూదమాడినది రెండుమారులే. మొదటి ఆటలో రాజ్యము, తమ్ములు, తాను, ద్రౌపది. రెండవ ఆటకు పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము. ఆ ధర్మరాజే ఆ అజ్ఞాతవాసమున కంకుభట్టను పేర విరాటుని కొలువులో ఏడాది పొడుగున పాచికలాడుచు కాలము గడపెను. గంటలు లెక్క పెట్టువాడు వచ్చి చూచినచో విరాటుని యింట ఆడినదే పెద్ద వ్యసనమని వ్రాసికొని పోవును. రాజ్యము పోయినది అక్కడ కాదు. ఏమి పణముగా పెట్టెను, ఆపవలెనని తెలిసియు ఆపగలిగెనా, ఆ ఆటవలన ఎవరికేమి యయ్యెను – వీనిని అడిగిననే కౌరవసభకును విరాటసభకును గల భేదము తెలియును. వ్యసనమను మాటకు విడువరాని దురలవాటనియు, ఆపదయనియు రెండర్థములు పెద్దలు చెప్పిరి. అలవాటును కొలిచి ఆపదను చూడనివాడు సగమే కొలిచినవాడు.

ఇంతవరకు పరుల మాట. ఇక నా మాట చెప్పుకొనవలెను. మేనకోడలి కాగితమునే నేనును తీసి, ఒక సాయంకాలము జవాబులు వ్రాసితిని. నాకు వచ్చినది 19. సంతోషించితిని. ఎన్నిమారులు ఫోను చూచుదునని మా వారడుగగా, “ముప్పదిమార్లుండవచ్చును” అంటిని. ఆయన నా ఫోనులోని లెక్క తీసి చూపిరి. ఆ దినమున 92 మార్లు! పోపు వేగులోపల ఒకసారి, కుక్కరు కూయులోపల ఒకసారి, ఆరవేసిన బట్టలు తీయబోవుచు ఒకసారి. ఒక్కటియు నాకు జ్ఞాపకము లేదు.

చుట్టునున్నవారు నిన్ను మితిమీరుచున్నావందురా యను ప్రశ్నకు నేను 1 వేసితిని. ఇంటిలో నన్నెవరును అట్లనలేదు. అయినను సందేహము కలిగి ఆ రాత్రి మా అత్తగారి కాళ్లకు నూనె రాయుచు అడిగితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. “నేనేమందునమ్మా! నీవు నాతో మాట్లాడుచునే దానిలోనికి చూతువు. నడుమ నేను మాట ఆపినను నీకు తెలియదు. అందుచేత ఆపివేయుచుందును” అన్నారు. ఎంతకాలమునుండి అని అడుగుటకు నాకు నోరు రాలేదు. నా పత్రములో 19 సరియైన లెక్కయే. నేను తెలిసి అబద్ధము వ్రాయలేదు. ఆమెను అడుగకుండ ఆమె జవాబును నేను వ్రాసితిని, అంతే.

ఆ మరునాడు మా ఆడబిడ్డకు ఒక ఉపాయము చెప్పితిని. బీరువా తాళము తీయుము. ఏడు దినములు పిల్లను ఏమియు అనకుము. ఒక నోటుపుస్తకములో నీవును పిల్లయు కలిసి లెక్క వ్రాయుడు. ఎడమవైపున ఫోను చూపిన గంటలు. (ఆండ్రాయిడు ఫోనులో సెట్టింగులలోని డిజిటల్ వెల్‌బీయింగునందును, ఐఫోనులో స్క్రీన్ టైమునందును ఇవి కనబడును.) కుడివైపున రెండు మాటలు: ఎందుకొరకు చూచినది, చూచుటవలన ఏ పని, ఏ నిద్ర, ఎవరితో మాట తప్పినది. పిల్ల పేరుమీద ఒక పుట, తల్లి పేరుమీద ఒక పుట. తల్లి ఫోను గుండీల ఫోనైనను సరే, దానిలో మాట్లాడిన కాలమును వ్రాయవలెను. ఒకరి లెక్క ఒకరు దిద్దరాదు. ఏడవనాటి రాత్రి ఇద్దరును కూర్చుండి చదువుకొనవలెను.

ఏడు దినముల పిమ్మట ఆ పుస్తకము నా వద్దకు వచ్చినది. పిల్ల సగటున దినమునకు 4 గంటల 20 నిమిషములు ఫోను చూచినది. అందులో పాఠములకు గంట పది నిమిషములు, తండ్రితో నలువది నిమిషములు, స్నేహితురాండ్రతో అరగంట. మిగిలిన రెండు గంటలు రీల్సు. ఆ రెండు గంటలలో గంటన్నర రాత్రి పదింటికిని పదకొండున్నరకును నడుమ. ఆ వేళయే ఎందుకని చూడగా సంగతి తెలిసినది. తండ్రి పని ముగించి ఫోను చేయునది అక్కడి రాత్రి తొమ్మిదింటికి. మనకు అప్పుడు పదకొండున్నర. పిల్ల నిద్రపోయినచో ఆ పిలుపు తప్పిపోవునని కన్నులు మూతపడకుండ రీల్సు చూచుచు కూర్చుండునది. పిలుపు వచ్చు దినమునను, రాని దినమునను అట్లే. కాలక్రమమున పిలుపు రాదని తెలిసిన రాత్రికూడ చేయి తానే ఫోనును వెదకుచున్నదని ఆ పిల్లయే కుడివైపున వ్రాసినది.

చూచితిరా! బడివారి 38 అబద్ధము కాదు. ఆ పిల్లకు నిద్ర తక్కువే, చదువుమీద మనసు నిలుచుట తక్కువే. పేరు మాత్రము తప్పు, చికిత్స అంతకంటె తప్పు. తాళము వేసినప్పుడు రీల్సుతోపాటు తండ్రికూడ బీరువాలోనికి పోయెను.

ఇప్పుడు తండ్రి అక్కడ ఉదయము అయిదింటికి లేచి, మనకు ఏడున్నర వేళ, పిల్ల జడ వేయించుకొనుచుండగా మాట్లాడుచున్నాడు. శుక్రవారము సెలవు గనుక ఆనాటి సాయంకాలము మరికొంత తీరికగా మాట్లాడును. రాత్రి పదింటికి ఫోను తల్లి తలగడవద్దకు చేరును. పదునైదు దినముల పిమ్మట లెక్క 2 గంటల 50 నిమిషములకు దిగినది. ఆదివారములందు మరల నాలుగు గంటలకు ఎక్కుచున్నది. దానిని దాచక వ్రాయుచున్నది గనుక నాకు బెంగ లేదు.

ఈ సందర్భమున ఆ పిల్ల చెప్పిన మాటయొకటి పంతుళ్లును తల్లులును కూడ వినదగినది. “అత్తయ్యా, నా ప్రక్కన కూర్చుండునది నాకంటె ఎక్కువ చూచును. అన్నిటికి ఒకట్లు, రెండ్లు వేసి 14 తెచ్చుకొన్నది. నేను నిజము వ్రాసితిని” అన్నది. నిజము చెప్పినవారికి తాళము, బొంకినవారికి మెప్పు అని ఒకమారు తెలిసినచో వచ్చు సంవత్సరము ఆ తరగతిలో అందరికి 14 వచ్చును. అప్పుడు నిజముగా ఆపదలో నున్న బిడ్డ ఎవరో ఏ కొలమానమునకును చిక్కదు. మా వారు ఆ బడివారికి ఒక ఉత్తరము వ్రాసిరి: లెక్కను కాగితముపై పంపక తల్లిని పిలిచి మాట్లాడవలెననియు, “వ్యసనము” అను పేరు పెట్టరాదనియు. జవాబు ఇంకను రాలేదు.

ఆ పేరు పెట్టుటకు వైద్యులే వెనుకాడుచున్నారు. 2022 జనవరినుండి అమలులో నున్న ప్రపంచ ఆరోగ్య సంస్థవారి రోగముల పట్టికలో జూదమునకును, ఫోను కంప్యూటరు ఆటలకును సంబంధించిన రుగ్మతలు కలవు. స్మార్టుఫోను వ్యసనమను రోగము అందులో లేదు. ఆటల విషయమున వారు చూడుమన్న గుర్తులు మూడు: ఆపుకొనలేకపోవుట, తక్కిన పనులన్నింటికంటె దానికే పెద్దపీట వేయుట, కీడు కలుగుచున్నను కొనసాగించుట. ఇవి చదువును, సంసారమును, సంబంధములను గట్టిగా చెరుపునంతగా సాధారణముగా సంవత్సరకాలమైనను కనబడవలెనందురు. ఒక్కనాటి కాగితముతో తేల్చునది కాదని దీనివలన తెలియుచున్నది గదా!

అట్లని కండ్లు మూసికొనరాదు. పిల్ల తిండి, నిద్ర మానినను, బడికి పోనన్నను, ఫోను తీసికొన్నప్పుడు తన్ను తాను గాయపరచుకొనుటకు పూనుకొన్నను ఏడు దినముల పుస్తకముతో కాలము గడుపవలదు. వెంటనే వైద్యునికి చూపవలెను. బెంగుళూరులోని నిమ్‌హాన్సు ఆసుపత్రిలో 2014నుండి ఇట్టివారికొరకే ప్రత్యేక చికిత్సాలయము నడచుచున్నది. ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలి మానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాట్లాడవచ్చును, రుసుము లేదు.

తక్కిన మనమందరము ఒక్క వారము లెక్క వ్రాసి చూతము. పిల్లల పుటకంటె ముందు మన పుట తెరువవలెను. ఇంటిలో పెద్దవారుండినచో కుడివైపు గడిని వారిని అడిగి నింపవలెను. నా పుటలో ఇప్పుడు 92 తగ్గి 60 చిల్లరకు వచ్చినది. సాయంకాలము దీపము పెట్టిన తరువాత ఫోనును ముందుగదిలో ఉంచి అత్తగారివద్ద కూర్చుండుచున్నాను. నిన్న ఆమె తన పుట్టింటి ఊరిచెరువు తెగిన సంవత్సరము కథ మొదలుపెట్టి, నడుమ ఆపి నా వైపు చూచిరి. “తరువాత?” అని అడిగితిని. కథ ఇంకను పూర్తికాలేదు. నేటి రాత్రికి మిగిలియున్నది.